ఆ పాలసీ గోడను మోయదు

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు మొదట చూసేది సింహద్వారం ఎటు ఉందని. తర్వాత కిచెన్ ఎంత విశాలంగా ఉందని. ఆ విశాలం ఎలా వచ్చిందని మాత్రం అడగం. చాలా పాత ఇళ్లల్లో అది మధ్య గోడ పడగొడితే వచ్చిందే. ఆ గోడ పై అంతస్తును మోసేదా? బదులుగా స్టీల్ దూలం పెట్టారా? ఎవరైనా వచ్చి చూశారా? ఈ ప్రశ్నలు సొలిసిటర్ల ఈమెయిళ్లలో పుట్టి, అక్కడే ఒక ఇండెమ్నిటీ పాలసీతో చచ్చిపోతాయి. నా పోట్లాటంతా ఆ పాలసీతోనే.

బరువు మోసే గోడ తీయాలంటే ఇక్కడ బిల్డింగ్ రెగ్యులేషన్స్ అనుమతి కావాలి. పని అయ్యాక తనిఖీ చేసి కంప్లీషన్ సర్టిఫికెట్ ఇస్తారు. ఇల్లు అమ్మేవాళ్లు టీఏ6 ఫారంలో చేసిన మార్పులు చెప్పి, ఉన్న కాగితాలు ఇవ్వాలి. కాగితం లేదా? "పాలసీ తీసుకుంటే సరిపోతుంది" అంటారు. ఒక్కసారి కట్టే ప్రీమియం, ఇంటి ధర ముందు చిల్లర. తరచూ అమ్మేవాళ్లే కడతారు. అందరూ హమ్మయ్య అనుకుంటారు.

ఇంతకీ అది దేనికి పనికొస్తుంది? అనుమతి లేదని కౌన్సిల్ చర్య తీసుకుంటే వచ్చే నష్టానికి. అంతే. పని సరిగా చేయక దూలం కుంగి, పిల్లలు పడుకునే గది నేల పగిలితే ఆ రిపేరుకి ఒక్క పెన్నీ రాదండీ!

ఇంకో మెలిక చూడండి. ఆ పని గురించి ముందే కౌన్సిల్‌ని అడిగి ఉంటే సాధారణంగా పాలసీ ఇవ్వరు. తీసుకున్నాక అడిగితే చెల్లకుండా పోవచ్చు. అంటే నోరు మూసుకోవడమే షరతు. ఇంట్లో గ్యాస్ వాసన వస్తుంటే ఎవరికీ చెప్పకు, డబ్బులిస్తాం అన్నట్టు లేదూ?

మేం కొన్న ఇంటికీ ఇదే పాలసీ పంపారు. మా సొలిసిటర్ "అందరూ ఇలాగే కొంటారు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడాల్సిందే అన్నాను. మూడు వారాలు ఆలస్యం. గృహప్రవేశం ముహూర్తం దాటిపోతోందని ఇండియా నుంచి అత్తయ్యగారి ఫోన్లు. అమ్మేవాళ్లు ఒప్పుకున్నాక ఇంజనీర్ ప్లాస్టర్ కొంచెం తీయించి చూస్తే, దూలం ఒక చివర ఆనిన ఇటుకలు చితికి ఉన్నాయి. రిపేరు ఖర్చు ధరలో తగ్గించారు. పాలసీ మాత్రమే తీసుకుని ఉంటే ఆ ఇటుకల సంగతి ఎవరికి తెలిసేది?

పాలసీలు అసలే వద్దనడం లేదు. ఎప్పుడో మార్చిన కిటికీల సర్టిఫికెట్ దొరక్కపోతే దాంతో సరిపెట్టుకోవచ్చు. కిటికీ పై అంతస్తును మోయదు కదా. మోసేదాని విషయంలో మాత్రం కాగితం బదులు కాగితం తీసుకోకండి.

"పాత పని, ఇప్పుడెవరడుగుతారు" అనే ధీమా కూడా తగ్గించుకోవాలి. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది పోయాక 2022లో కొత్త చట్టం వచ్చింది. నిబంధనలకు విరుద్ధమైన పనిని సరిచేయమని కౌన్సిల్ నోటీసు ఇచ్చే గడువు అంతకుముందు 1 ఏడాది. 2023 అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో అది 10 ఏళ్లు.

అమ్మబోయేవాళ్లకూ ఒక మాట. 1985 నవంబరు 11 నుంచి అనుమతి లేకుండా చేసిన పనులకు కౌన్సిల్‌లో రెగ్యులరైజేషన్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లొచ్చి, అవసరమైతే పైపూత తీయించి చూసి, లోపముంటే సరిచేయమంటారు. అవును, ఖర్చే. కానీ మన తర్వాత ఆ కప్పు కింద పడుకునేది ఇంకొకరి పిల్లలు.

అందుకే గోడ ముట్టుకునే ముందే అనుమతి తీసుకోండి. పని అయ్యాక సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా బిల్డర్‌కి ఆఖరి వాయిదా ఇవ్వకండి. ఆ కాగితాలు పాస్‌పోర్టుల పక్కన పెట్టుకోండి. కొనేటప్పుడు ఎవరైనా "మామూలేనండీ, పాలసీ ఉంది" అంటే ఒక్కటే అడగండి: "సరే, దూలాన్ని చూసిందెవరు?"