హోప్ ఐలాండ్ వెనక కెరటం ఎంతెత్తు?

మా కాకినాడ అఖాతం చూసినవాళ్ళు "ఇది సముద్రమా, చెరువా?" అంటారు. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడ్డ హోప్ ఐలాండ్ తూర్పున సుమారు 16 కిలోమీటర్ల పొడవున అడ్డుగోడలా ఉంది మరి. బంగాళాఖాతం కెరటాలు చాలావరకూ అక్కడే ఆగిపోతాయి. ఇక లోపల కెరటాలు కొలవాల్సిన పనేముంది? నేనూ అలాగే అనుకునేవాణ్ణి, లెక్క వేసి చూసేదాకా.

గాలి సెకనుకి 10 మీటర్ల వేగంతో, 10 కిలోమీటర్ల నీటి మీద అడ్డం లేకుండా వీచిందనుకోండి. ఉత్తర సముద్రంలో కొలిచి 1973లో ప్రచురించిన జాన్‌స్వాప్ సూత్రాల ప్రకారం కెరటం ఎత్తు అర మీటరు, సుమారు మూడు సెకన్లకొకటి. అర మీటరేగా అని తీసిపారెయ్యకండి. దాని పొడవు 13 మీటర్లే. బయట లోతైన సముద్రంలో పది సెకన్ల కెరటం 150 మీటర్లకి పైనే ఉంటుంది, అది మీటరు ఎత్తున్నా పడవని మెల్లగా ఎత్తి దింపుతుంది. లోపలిది చిన్న నావని ఊపిరి తీసుకోనివ్వదు. పైగా ఈ అర మీటరు, అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు. ఏదో ఒకటి దానికి దాదాపు రెట్టింపు రావచ్చు.

మోడల్ ఉందిగా అంటారా? డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్ళ స్వాన్ ఉంది, సోర్స్ కోడ్ కూడా ఉచితమే. కానీ గడులు పెద్దవైతే సన్నటి ఇసుకతిన్నె మాయమైపోతుంది. లోతుల మ్యాపు పాతదైతే జవాబూ పాతదే. బయట సముద్రంలో బోయా కొలతతో సరిపోయింది కాబట్టి లోపలా సరిపోతుందనుకోవడం, "నా మెషీన్ లో పనిచేసింది" అని ప్రొడక్షన్ లోకి తోసెయ్యడం లాంటిదే :)

కొలవడంలోనూ ఓ తిరకాసుంది. ప్రెషర్ సెన్సర్ ని 5 మీటర్ల లోతున అడుగులో పెడితే, మూడు సెకన్ల కెరటం ఒత్తిడిలో సుమారు అయిదో వంతే అక్కడికి చేరుతుంది. కెరటాన్ని ఉన్నదానికన్నా బాగా చిన్నగా చూపిస్తుంది, లేదా అసలు చూపించదు. దాన్ని పైకి దగ్గరగా ఏ స్తంభానికో బిగించాలి, లేదా చిన్న బోయా వెయ్యాలి. సెకనుకి కనీసం రెండు మూడు రీడింగులు తియ్యాలి.

నా మాట ఒకటే. ముందు అఖాతం లోపల ఓ ఏడాది కొలవండి, తర్వాత మోడల్ ని నమ్మండి. సూచన ఇచ్చేటప్పుడు ఎత్తుతో పాటు ఎన్ని సెకన్లకొకటో కూడా చెప్పండి. పెద్ద ఓడకి అర మీటరు లెక్కలోది కాదు. చిన్న నావలో వేటకెళ్ళేవాడికి అదే ప్రాణం.

మీరేమంటారు?