ఎక్స్‌రే చదివితే సరిపోదు

సంపాదకులకు,

కృత్రిమ మేధ వస్తే పల్లెల్లో డాక్టర్ల కొరత తీరిపోతుందన్న మీ వ్యాసంతో సగమే ఏకీభవిస్తాను. పదిహేనేళ్లు దాటినవారి ఛాతీ ఎక్స్‌రేలో క్షయ ఆనవాళ్లను మనిషికి బదులు కంప్యూటర్ చూడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. మంచిదే. కానీ అది చెప్పేది అనుమానం మాత్రమే. తేల్చడానికి కఫం పరీక్ష చేయాలి, తేలాక మామూలుగా ఆరు నెలలు మందులు మింగించాలి. ఇంటికొచ్చి ‘మాత్రలేసుకున్నావా’ అని అడిగేది ఆశా కార్యకర్త. వ్యాసం మొత్తంలో ఆమె ఊసే లేదు!

2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నది దాని లెక్క. నా దృష్టిలో ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఇదే పెద్ద ఆలోచన. బీపీ, సుగరు ఉన్న ముసలివాళ్లకు తమను ఎరిగిన డాక్టరే మళ్లీ మళ్లీ కనబడాలి. ఈ-సంజీవని వీడియో వైద్యంలో డాక్టరు మొహం చూడగలడు గానీ పొట్ట నొక్కి చూడలేడు కదా.

కొత్తవలసలో ఉన్న మాకు రైలుంది, బస్సుంది, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దగ్గరే. అరకు దారిలో కొండెక్కితే గర్భిణులను ఇంకా డోలీల్లో దించుతున్నారు. అక్కడ ముందు రోడ్డు వేయాలి.

కృత్రిమ మేధకు నిజంగా పని చెప్పాలనుకుంటే కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానం ప్రాంతం ఉంది. అక్కడి పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. జబ్బుకు కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఊరూరా తీసిన క్రియాటినిన్ రక్తపరీక్షల, నీటి పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి ఆ కారణాన్ని వెతకమనండి.

– ఒక పాఠకుడు, కొత్తవలస, విజయనగరం జిల్లా