కెప్టెన్‌గా ఎవుల్ని ఎట్టమంటావు?

2025లో ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ నడిచింది. రాత్రి ఏడున్నర దాటితే చాలు, హాస్టల్లో నా రూమ్ తలుపు దగ్గర ఎవడో ఒకడు ప్రత్యక్షం. "అన్నా, ఈరోజు కెప్టెన్‌గా ఎవరిని పెట్టమంటావ్?" ఫస్టియర్ నుంచి ఇదే వరస. సెమిస్టర్ మార్కుల్లో రాని పేరు నాకు కబడ్డీ టీమ్‌లు వేయడంలో వచ్చింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫాంటసీ కబడ్డీ అంటే ఆ రోజు ఆడే రెండు జట్ల నుంచి ఏడుగురిని మనం ఎంచుకోవాలి. డిఫెండర్లు, రైడర్లు, ఆల్‌రౌండర్లు మూడు రకాలూ ఉండాలి. అందరూ స్టార్లే కావాలంటే కుదరదు, ఒక్కో ఆటగాడికి ఒక్కో ధర, మన దగ్గరున్న క్రెడిట్లకు లెక్క ఉంటుంది. మ్యాట్ మీద వాళ్లు నిజంగా ఆడినదాన్ని బట్టి మనకు పాయింట్లు. కెప్టెన్ పాయింట్లు రెట్టింపు, వైస్ కెప్టెన్‌వి ఒకటిన్నర రెట్లు.

ఈ సీజన్ ఆగస్టు 29న మన విశాఖలోనే మొదలైంది. సరిగ్గా దానికి వారం ముందు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా లేదు. మన రాష్ట్రానికి ఇది కొత్త కాదు, 2020లోనే ఇక్కడ ఆపేశారు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్లినా ఫోన్లో అదే మెసేజ్ వచ్చేది. ఇప్పుడు దేశమంతా అంతే. డ్రీమ్11 లాంటి పెద్ద కంపెనీ కూడా డబ్బు పోటీలు ఎత్తేసి ఉచిత ఆటకి వచ్చేసింది.

దీని మీద మన క్యాంటీన్లో రెండు పార్టీలు తయారయ్యాయి. "నైపుణ్యాన్ని జూదం అంటారా, ఇది అన్యాయం" అనేది ఒక పార్టీ. "డబ్బే లేనప్పుడు టీమ్ వేసి ఏం లాభం" అనేది రెండోది. నా అభిప్రాయంలో ఇద్దరూ తప్పే. ఎందుకో చెప్పాలంటే మా బావ సంగతి చెప్పాలి.

మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు ఊరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మావయ్య వాళ్ల కొబ్బరి తోటలో చెట్లు సగానికి పైగా పడిపోయాయి. కొబ్బరి మొక్క వేస్తే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది, అంతవరకూ తినేదేటి? బావ చెన్నై వెళ్లిపోయాడు, బిల్డింగ్ పనికి. చెట్లు పడిపోయి ఖాళీ అయిన ఇసకలోనే మా ఊరి కుర్రాళ్లు గీతలు గీసి కబడ్డీ కోర్టు చేశారు. సంక్రాంతికి బావ వచ్చాడంటే అక్కడ కూతకి అతనే ముందు.

2022లో నేను బీటెక్‌లో చేరిన కొత్తలో తొమ్మిదో సీజన్ మొదలైంది. ఆ ఏడు వేలంలో పవన్ సెహ్రావత్‌ని తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొనుక్కుంది. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు ధర. 2019లో ఒకే మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు తెచ్చిన మనిషి. తమిళనాడులో అప్పుడు డబ్బు పోటీలు నడుస్తున్నాయి. తలైవాస్ మొదటి మ్యాచ్ గుజరాత్‌తో. బావ ఫోన్ చేశాడు.

"ఏరా, కెప్టెన్‌గా ఎవుల్ని ఎట్టమంటావు?"

"ఇందులో ఆలోచించడానికి ఏటుంది బావా? పవన్‌నే ఎట్టు, కళ్లు మూసుకుని."

బావ ఒక్క టీమ్ వెయ్యలేదు. మిగతా ఆటగాళ్లని అటూ ఇటూ మార్చి బోలెడు టీమ్‌లు వేశాడు, అన్నిట్లోనూ కెప్టెన్ పవనే. మొత్తం ఆరు వేలు పెట్టాడు. మొదటి సగంలోనే పవన్ మోకాలికి గాయమైంది. మోసుకుని తీసుకెళ్లారు. ఆ మ్యాచే కాదు, ఆ సీజన్‌లో మళ్లీ ఆడలేదు.

ఆ ఆరు వేలు దేనివో నాకు తర్వాత అత్త చెప్పింది. మావయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాట అంటే ఇంక వివరించక్కర్లేదు, మా వైపు ప్రతి వీధిలో ఒకరు ఉంటారు. డయాలసిస్ ఉచితమే. కానీ ఊరి నుంచి పలాస రావాలి, వారానికి రెండుసార్లు, అటూ ఇటూ ఆటో. ఆ ఆటో డబ్బులకని బావ పక్కన పెట్టినవి అవి. ఆ నెల అత్త ఎవరి దగ్గరో అప్పు చేసింది. బావ నన్ను ఒక్క మాట అన్లేదు. "నువ్వేటి చేస్తావురా, మోకాలు నీదా?" అన్నాడంతే.

అప్పట్నుంచి ఆ ప్రశ్న నాలో ఉండిపోయింది: నా విశ్లేషణ తప్పా? ఆలోచిస్తే, కాదు. పవన్‌ని ఎంచడం ఆ రోజుకి సరైన నిర్ణయమే. సరైన నిర్ణయం తీసుకున్నా ఆ రోజు ఓడిపోవచ్చు. ఆటలో అది మామూలు, కానీ ఆటో డబ్బులతో ఆడేవాడికి అది మామూలు కాదు.

మనం ఇంజనీర్లం కాబట్టి లెక్క వేద్దాం. మ్యాట్ మీద మొదట దిగే 14 మందిలో ఏడుగురిని 3,432 రకాలుగా ఎంచవచ్చు. ఆ ఏడుగురిలో కెప్టెన్, వైస్ కెప్టెన్ ఎంపిక 42 రకాలు. గుణిస్తే 1,44,144. క్రెడిట్ల నిబంధనలు పెడితే తగ్గుతుంది, నీకు ఆట తెలిస్తే ఇంకా తగ్గుతుంది. అక్కడిదాకా నైపుణ్యమే, ఒప్పుకుంటా. కానీ ఆట తెలిసినవాళ్లంతా చివరికి ఇంచుమించు అవే ఏడు పేర్ల దగ్గరికి వస్తారు. అప్పుడు లక్షమందిలో మొదటి ర్యాంకుని తేల్చేది ఒక మోకాలు, ఒక రిఫరీ నిర్ణయం, ఆఖరి రైడ్‌లో ఒక బోనస్.

ఇంకో లెక్క. వందమంది తలా 50 రూపాయలు వేశారనుకోండి, 5,000. నిర్వాహకుడు తన వాటా 750 తీసుకున్నాడనుకోండి. పంచేది 4,250. అంటే సగటున ప్రతి ఒక్కడూ ఆట మొదలుకాకముందే ఏడున్నర రూపాయలు ఓడిపోయాడు. అందరూ మేధావులే అయినా ఈ సగటు మారదు. కాబట్టి "నైపుణ్యం" పార్టీ మిత్రులారా, నైపుణ్యం ఉందన్నది నిజమే. అది ఒకడి జేబులోంచి ఇంకొకడి జేబులోకి డబ్బు మారుస్తుంది తప్ప కొత్తగా పుట్టించదు. ఆ ఒకడు ఎక్కువగా మా బావ లాంటివాడే అవుతాడు.

ఇక రెండో పార్టీకి. డబ్బు లేకపోతే టీమ్ వెయ్యడం దండగ అంటారా? నాకు కబడ్డీ చూడటం నేర్పింది టీమ్ వెయ్యడమే. అంతకుముందు నేను కూత పెట్టేవాణ్ణి మాత్రమే చూసేవాణ్ణి. ఇప్పుడు ఏం చూస్తానో ఈ సీజన్ సలహాల రూపంలోనే చెబుతా, రాసుకోండి.

ఒకటి, రైడర్‌ని ఎంచేముందు వాడి డిఫెన్స్‌ని చూడండి. ఔటైన రైడర్ తిరిగి మ్యాట్ మీదకి రావాలంటే జట్టు పాయింట్ తేవాలి, పాయింట్‌కి ఒకడు చొప్పున లోపలికొస్తారు. వెనక పట్టేవాళ్లు లేకపోతే ఎంత గొప్ప రైడరైనా బల్ల మీదే కూర్చుంటాడు. పదో సీజన్‌లో తెలుగు టైటాన్స్ ఇదే పవన్‌ని 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నారు. 22 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండు. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు కలిపితే 66 మ్యాచ్‌లకి ఐదు గెలుపులు. డబ్బంతా కూతకే పెడితే ఏమవుతుందో మనకన్నా బాగా ఎవరికీ తెలీదు.

రెండు, ఓడిపోయే జట్టు డిఫెండర్‌ని వదిలెయ్యకండి. ముగ్గురు గానీ అంతకన్నా తక్కువ గానీ మిగిలినప్పుడు రైడర్‌ని పడితే అది సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. బలమైన జట్టు డిఫెండర్‌కి ఆ అవకాశం తక్కువే వస్తుంది. క్రెడిట్లు తక్కువైనప్పుడు వెతకాల్సింది ఇక్కడే.

మూడు, ఏ రోజు ఎవరని తేలకపోతే ఆల్‌రౌండర్ వైపు మొగ్గండి. మొహమ్మద్ రెజా షాద్లూయ్ పదో సీజన్‌లో 99 టాకిల్ పాయింట్లు తెచ్చాడు, పుణెరి పల్టన్ గెలిచింది. పదకొండులో హర్యానా స్టీలర్స్‌కి వెళ్తే అదీ గెలిచింది. పన్నెండులో గుజరాత్‌కి ఆడాడు. జట్టు ఓడినా తన పాయింట్లు రెండు చేతులా తెచ్చుకోగలిగే రకం.

నాలుగు, పేరు చూసి కాదు, దిగే ఏడుగురి జాబితా చూసి వెయ్యండి. పవన్ ఈ సీజన్ తలైవాస్‌తోనే మొదలుపెట్టి మధ్యలోనే జట్టు నుంచి బయటికొచ్చేశాడు. ఆ రోజు కూడా అలవాటుగా అతన్ని పెట్టినవాళ్లు మన హాస్టల్లోనే ముగ్గురున్నారు.

ఐదు, మనవాళ్లు. విశాఖలో మొదటి మ్యాచ్ తలైవాస్‌తో 35-38, రెండోది యూపీతో 35-40. రెండూ ఓడారు, రెండూ దగ్గరి తేడాతోనే. తర్వాత నిలదొక్కుకున్నారు. విజయ్ మాలిక్, భరత్ హుడా ఇద్దర్నీ పెట్టండి. కానీ ఇద్దర్నీ కెప్టెన్, వైస్ కెప్టెన్ చేసేది లెక్క చూసా, అభిమానంతోనా అని ఒకసారి మిమ్మల్ని మీరు అడగండి. నేను రెండుసార్లు అభిమానంతోనే చేశా, దొరికిపోయా.

ఇవన్నీ ఉచితంగా ఆడినా అంతే నిజం. నిజానికి ఉచితంగా ఆడినప్పుడే నాకు బాగా కనిపిస్తాయి. డబ్బు పెట్టినప్పుడు బావ మ్యాచ్ చూడలేదు, స్క్రీన్ మూల ర్యాంకు చూశాడు. గాయపడి పడిపోయిన మనిషిని చూసి ముందు తన ఆరు వేలు గుర్తొచ్చాయని, దానికి ఇప్పటికీ సిగ్గేస్తుందని అతనే చెప్పాడు.

మొన్న దసరాకి బావ వచ్చాడు. మావయ్య ఇంకా డయాలసిస్‌కి వెళ్తున్నారు, పలాసకే. సాయంత్రం తోటలో కూర్చుని ఇద్దరం కాగితం మీద టీమ్‌లు వేసుకున్నాం. "ఈసారి నిన్నడగను" అని బావ ఒక కార్నర్ డిఫెండర్‌ని కెప్టెన్ చేశాడు. నేను నవ్వాను. పదకొండు పాయింట్ల తేడాతో ఓడిపోయాను. మావయ్య మంచం మీంచి, "ఏట్రా, కాలేజీలో ఇదేనా నేర్పడం?" అన్నారు.

అందుకే నా ప్రతిపాదన. మన హాస్టల్ కామన్ రూమ్ బోర్డు మీద లీగ్ నడుపుదాం. మ్యాచ్‌కి పావుగంట ముందు ఏడు పేర్లు, కెప్టెన్, వైస్ కెప్టెన్, ఎందుకు ఎంచావో ఒక్క వాక్యం తెలుగులో. కారణం రాయనివాడి టీమ్ చెల్లదు. పాయింట్ల లెక్క నేను చూస్తా. ఎంట్రీ ఫీజు లేదు, ప్రైజు లేదు. ఓడినవాడు గెలిచినవాడికి టీ ఇప్పించాలని ఎవరో అన్నారు గానీ, అదీ వద్దు. ఎవడి టీ వాడిదే.