బాగుపడ్డ బొమ్మలో నిజమెంత?

కుదించిన ఫొటోలకు డీప్ లెర్నింగ్ మెరుగులు దిద్దుతోంది. అందులో ఊహ పాలు ఎంతన్నదే అసలు ప్రశ్న

ఏటా మార్చి 3న టాటా వ్యవస్థాపక దినోత్సవానికి జంషెడ్‌పూర్‌లోని జూబ్లీ పార్క్ విద్యుద్దీపాలతో వెలిగిపోతుంది. ఆ రాత్రి తీసిన ఫొటోలు వాట్సాప్‌లో నాలుగు చేతులు మారేసరికి మాత్రం వెలవెలబోతాయి. నల్లని ఆకాశం నిండా గళ్లు, దీపాల చుట్టూ మరకలు.

తప్పు కెమెరాది కాదు, కుదింపుది. 1992లో ప్రమాణంగా మారిన జేపెగ్ పద్ధతి ఫొటోను 8 బై 8 చుక్కల గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని వివరాలను పారేస్తుంది. దీనికి ఆధారం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అనే గణితం. 1974లో దాన్ని ప్రకటించిన ముగ్గురిలో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్‌లతో పాటు ఒక తెలుగు పేరూ ఉంది: కామిశెట్టి రామమోహన రావు. ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన ఆయన 2021లో కన్నుమూశారు.

పారేసిన వివరం తిరిగి రాదు. డీప్ లెర్నింగ్ చేసేది దాన్ని ఊహించడమే. అసలు ఫొటోను, కుదింపుతో పాడైన దాని నకలును జంటగా పదేపదే చూపిస్తే ఏ గీత ఎలా చెదురుతుందో కంప్యూటర్ నేర్చుకుంటుంది. 2015లో హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నాలుగే పొరల న్యూరల్ నెట్‌వర్క్‌తో జేపెగ్ మరకలను గణనీయంగా తగ్గించి చూపారు. ఆ తర్వాత వచ్చినవి ఇంకా శక్తిమంతమైనవి.

చిక్కంతా అక్కడే. ఆకాశంలో గళ్లు చెరిపితే పోయేదేమీ లేదు. ఉక్కు కర్మాగారంలో పనికోసం వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన ఓ తెలుగు కుటుంబానికి తాతగారి గుర్తుగా మసకబారిన స్కాన్ కాపీ ఒక్కటే మిగిలిందనుకుందాం. కంప్యూటర్ దిద్దిన కళ్లు ఎవరివి? 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రూపొందిన, మసక ముఖాలను స్పష్టంగా మార్చే ప్రోగ్రాంకు బరాక్ ఒబామా ఫొటో ఇస్తే తెల్లజాతి వ్యక్తి ముఖం బయటికొచ్చింది. 2024లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఓ హత్య కేసులో, కృత్రిమ మేధతో మెరుగుపరచిన వీడియోను సాక్ష్యంగా అంగీకరించడానికి న్యాయమూర్తి నిరాకరించారు.

అంటే ఈ పరిజ్ఞానం వద్దని కాదు. పండుగ ఫొటోకు ఇది వరమే. కానీ గుర్తింపు, సాక్ష్యం, చరిత్ర అన్న చోట మెరుగుపరచిన బొమ్మ పక్కనే అసలుదీ ఉండాలి, ఏది ఏదో రాసి ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోను డాక్యుమెంటుగా పంపితే కుదింపు బెడదే ఉండదు. పోయాక ఊహించుకునే కన్నా పోకుండా చూసుకోవడమే చవక.