చిన్న పెట్టె, లావు తీగ

పిల్లలూ! చిన్న వాల్వు గిటారు ఆంప్లిఫయరుకు బేస్ గిటారు తగిలిస్తే ఏమవుతుంది? పెట్టె గడగడలాడుతుంది, స్వరం మాత్రం పలకదు! గిటారు లావు తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తే, బేస్ లావు తీగ 41 సార్లే. అంత మంద్రం పలకాలంటే 8 అంగుళాల స్పీకరు కాగితం చాలా దూరం ఊగాలి. ఊగలేక చిరిగినా చిరుగుతుంది. అందుకే అమెరికాలో లియో ఫెండర్ 1951లో బేస్ గిటారు తెచ్చి, 1952లో దానికని 15 అంగుళాల స్పీకరుతో వేరే ఆంప్లిఫయరు చేశాడు.

చిన్నదాన్నే మార్చాలంటే, అన్నే ఓములున్న పెద్ద బేస్ స్పీకరును వేరే పెట్టెలో బిగించి, పాతదానికి బదులు కలుపుతారు. లోపల వాల్వుకూ వాల్వుకూ మధ్య కెపాసిటరు పెద్దది వేస్తే మంద్ర స్వరాలు బాగా దాటి వస్తాయి. కాని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో ఇనుము కొంచెమే గనక, ఎంత చేసినా అది ఇంట్లో సాధనకే.

మీరు మాత్రం పెట్టె విప్పకండి! ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. పని తెలిసిన మెకానిక్ దాన్ని ఖాళీ చేసి, మీటరుతో చూసుకుని గాని లోపల చెయ్యి పెట్టడు.