లారీకి వారంటీ సరే, ఆయిలుకు హామీ ఎవరు?

రాయపూర్ శివారులోని టాటీబంద్ కూడలి మీదుగా రాత్రింబవళ్లు సాగే లారీల వరుసలో తెలుగు అక్షరాలు రాసిన వాహనాలు తరచు కనిపిస్తాయి. సిల్తరా, ఉర్లా పారిశ్రామికవాడల ఇనుము, బలోదాబజార్ సిమెంటు, ఛత్తీస్‌గఢ్ మిల్లుల బియ్యం తూర్పు తీరానికి చేర్చే పనిలో ఆంధ్ర లారీల పాత్ర తక్కువేమీ కాదు. రాయపూర్‌ను విజయనగరంతో కలిపిన ఒకనాటి 43వ నంబరు జాతీయ రహదారి మీద ఉండడం కలిసివచ్చి, నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సాలూరు లారీ యజమానుల ఊరుగా పేరు పొందింది. ఈ దారుల మీద బతుకు వెళ్లదీసే వారిని కొంతకాలంగా ఒక చిక్కు వెంటాడుతోంది. వారంటీ గడువులో ఉన్న లారీ ఇంజనులో ఏ ఆయిలు పోయాలి, ఎక్కడ కొనాలి, ఎవరి చేత మార్పించాలి అన్నదే ఆ చిక్కు.

పైకి ఇది మెకానిక్ షెడ్డులో తేలవలసిన చిన్న సంగతిగా కనిపించవచ్చు. కానీ భారీ లారీలకు ఆరేళ్లు లేదా ఆరు లక్షల కిలోమీటర్ల వరకు వారంటీ ఇస్తామని కంపెనీలు ప్రకటిస్తున్న రోజులివి. ఫైనాన్సు వాయిదాలు తీరేదాకా బండికి ఏమీ కాదన్న ధీమాతోనే చిన్న యజమాని అంత అప్పు నెత్తిన వేసుకుంటున్నాడు. ఇంజను పట్టేసిన రోజున, వాడిన ఆయిలు తాము చెప్పినది కాదన్న ఒక్క వాక్యంతో క్లెయిము తిరస్కరణకు గురైతే అతనికి మిగిలేది కదలని బండి, ఆగని వాయిదాలు. దేశంలో లారీ యజమానులలో అత్యధికులు ఒకటి నుంచి ఐదు బండ్లు గలవారేనన్న సంగతి ఈ సందర్భంలో గమనార్హం. వంద లారీల సంస్థకు ఒక క్లెయిము పోతే అది నష్టాల పద్దులో ఒక అంకె. ఒకే లారీ గలవానికి అది సంసారం.

సమస్య మూలం 2020 ఏప్రిల్ 1న ఉంది. ఆ రోజు నుంచి దేశమంతటా భారత్ స్టేజ్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. డీజిలులో గంధకం పది లక్షల భాగాలకు పది భాగాలకు తగ్గిపోయింది. పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే వడపోత సాధనం, నైట్రోజన్ ఆక్సైడులను విరగగొట్టే ఉత్ప్రేరక సాధనం వచ్చి చేరాయి. మసిని ఆ వడపోత తనంతట తానే కాల్చివేసుకోగలదు. ఇంజను ఆయిలు కాలినప్పుడు మిగిలే బూడిదను మాత్రం కాల్చలేదు. ఆయిలులో శుభ్రతకోసం, అరుగుదలను ఆపడంకోసం కలిపే కాల్షియం, మెగ్నీషియం, జింకు లవణాలే ఆ బూడిదకు కారణం. అది వడపోత రంధ్రాలలో పేరుకుపోయి చివరకు ఇంజనుకు ఊపిరాడకుండా చేస్తుంది. వడపోతను మార్చడం వేలతో తేలే ఖర్చు కాదు.

అందువల్లనే కొత్త లారీలకు తక్కువ బూడిద మిగిల్చే ఆయిలు అవసరమైంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వర్గీకరణలో 2002లో వచ్చిన సి.ఐ-4 రకానికి ఈ విషయంలో కట్టుదిట్టమైన పరిమితి లేదు. 2006లో వచ్చిన సి.జె-4, 2016 డిసెంబరులో వచ్చిన సి.కె-4 రకాలలో సల్ఫేటు బూడిద ఒక శాతం మించరాదు. సి.కె-4తోపాటే వచ్చిన ఎఫ్.ఎ-4 అనే పలుచని రకం, దానికోసం ప్రత్యేకించి రూపొందించని ఇంజనులకు పనికిరాదు. డబ్బాపై కనిపించే 15డబ్ల్యు-40 అన్న అంకె చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. ఒకే చిక్కదనం గల రెండు ఆయిళ్లు నాణ్యతలో ఇరవై ఏళ్ల తేడా గలవి కావచ్చు. చిక్కదనం అంకె చూసి కొనడం, చెప్పు సైజు చూసి తోలు నాణ్యత నిర్ణయించడం వంటిదే. అయినా దుకాణంలో ఎక్కువమంది అడిగేది ఆ అంకెనే, మరీ చెప్పాలంటే డబ్బా రంగునే.

పాత డ్రైవర్ల అనుభవాన్ని తక్కువ చేయనవసరం లేదు. ఇంజను శబ్దం విని బేరింగు సంగతి చెప్పగల వారు ఈనాటికీ ఉన్నారు. అయితే ఆయిలు విషయంలో ఆ అనుభవం కొంత దారి తప్పిస్తోంది. రెండు వేళ్ల మధ్య రుద్ది జిగట చూడడం, నల్లబడితే పాడైపోయిందనుకోవడం ఆనవాయితీగా వస్తున్నాయి. మసిని తనలో కలుపుకొని తేల్చి ఉంచడమే మంచి ఆయిలు చేసే పని కనుక నల్లబడడం దోషం కాదు. బూడిద శాతాన్ని, క్షారగుణాన్ని వేళ్లు కొలవలేవు.

రాయపూర్ పరిసరాల పరిస్థితులు ఈ సమస్యను మరింత జటిలం చేస్తున్నాయి. స్పాంజ్ ఐరన్ కర్మాగారాల దుమ్ము, కొర్బా గనుల బొగ్గుపొడి, మే నెల ఎండలు, లోడుతో గంటల తరబడి ఇంజను ఆపకుండా క్యూలలో నిలబడడం, జగ్‌దల్‌పూర్ దారిలో కేశ్‌కాల్ ఘాట్ మలుపుల ఎక్కుడు, ఇవన్నీ ఆయిలు ఆయుష్షును హరించేవే. కంపెనీలు ప్రచారం చేసే సుదీర్ఘమైన ఆయిలు మార్పిడి గడువులు మంచి రహదారిపై సాఫీగా సాగే ప్రయాణాన్ని ఉద్దేశించినవి. కఠిన పరిస్థితులలో నడిచే వాహనాలకు ఆ గడువు తగ్గుతుందన్న షరతు సేవా పుస్తకంలో ఏదో ఒక మూల ఉంటుంది. అమ్మేటప్పుడు పెద్ద అక్షరాల గడువు, క్లెయిము వచ్చినప్పుడు చిన్న అక్షరాల షరతు ముందుకు రావడం యజమానులకు అనుభవమే.

ఇక విపణి సంగతి. 1990 దశకం ఆరంభంలో సరళీకరణ వరకు దేశంలో కందెనల వ్యాపారం ప్రధానంగా ప్రభుత్వరంగ చమురు సంస్థల చేతిలో ఉండేది. బేస్ ఆయిలు దిగుమతులపై ఆంక్షలు సడలిన తరువాత ప్రైవేటు, విదేశీ కంపెనీలు వెల్లువెత్తాయి. పోటీ వల్ల మంచి రకాలు వచ్చిన మాట నిజం. దానితోపాటు డబ్బాలో కూపన్ పెట్టి మెకానిక్‌ను మచ్చిక చేసుకునే పద్ధతి కూడా వచ్చింది. కూపన్ విలువను బట్టి సలహా మారే చోట యజమానికి నిష్పాక్షికమైన మాట ఎక్కడ దొరుకుతుంది? ఖాళీ డబ్బాలు, బకెట్లు సేకరించి, వాడిన ఆయిలును వడపోసి నింపి అమ్మే నకిలీ వ్యాపారం మరొక పీడ. కందెనల తయారీ, సరఫరాలపై 1987లోనే నిత్యావసర సరుకుల చట్టం కింద కేంద్రం ఉత్తర్వు జారీచేసింది. ఇంజను ఆయిళ్లకు ఐ.ఎస్. 13656 అనే భారతీయ ప్రమాణమూ ఉంది. అయినా హైవే పక్కన లూజు ఆయిలు డ్రమ్ములు తెరుచుకునే ఉన్నాయి. వాడిన ఆయిలును తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై మోపుతూ 2023లో సవరించిన నిబంధనలు 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. షెడ్డు వెనుక డ్రమ్ములోకి పోయే నల్ల ఆయిలు నకిలీ డబ్బాలోకి చేరకుండా ఆ నిబంధనలు నిజంగా ఆపగలిగితే అది పర్యావరణానికే కాదు, ఇంజనులకూ మేలు.

ఈ నేపథ్యంలో లారీ కంపెనీల వాదనను ఒక్క మాటతో కొట్టివేయడం న్యాయం కాదు. తప్పుడు ఆయిలు పోసి పాడుచేసుకున్న ఇంజనును తామెందుకు బాగుచేయాలని వారు అడగడంలో తప్పు లేదు. ప్రమాణం నిర్దేశించే హక్కు వాహన నిర్మాతకు ఉంది. ఉండాలి కూడా. అభ్యంతరమంతా ప్రమాణం దగ్గర ఆగకుండా పేరు దాకా, దుకాణం దాకా వెళ్లడంపైనే. చాలా లారీ కంపెనీలు తమ పేరుతోనే ఆయిలు అమ్ముతున్నాయి. అదే ప్రమాణానికి తూగే మరొక పేరున్న ఆయిలు పోస్తే వారంటీ పోతుందని డీలరు గుమాస్తా నోటిమాటగా చెబితే, అది సాంకేతిక సలహా కాదు, అమ్మకపు ఎత్తుగడ.

కార్ల విషయంలో ఈ తగవు ఒకసారి తేలింది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధిస్తూ, బయటి మెకానిక్ చేత పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయరాదని ఆదేశించింది. బయట జరిగిన లోపభూయిష్టమైన పని వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చునని స్పష్టం చేసింది. జరిమానా లెక్కింపుపై అప్పీళ్లు నడిచినా, ఆ ఆదేశంలోని సూత్రం విలువైనది. అయితే అది కార్ల విడిభాగాల విపణిని పరిశీలించి ఇచ్చిన తీర్పు. రాయపూర్ డీలరు షెడ్డులో నిలబడి దాన్ని చదివి వినిపిస్తే లారీ యజమానికి దక్కేది చిరునవ్వే. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ఫలానా పేరు గల వస్తువునే వాడాలన్న షరతును, ఆ వస్తువు ఉచితంగా ఇస్తే తప్ప, లేదా నియంత్రణ సంస్థ మినహాయింపు ఇస్తే తప్ప నిషేధించింది. అక్కడ కూడా ఆ రక్షణ గృహావసర వస్తువులకే గాని వ్యాపార లారీలకు కాదు. లారీవాడు అన్నిచోట్లా చట్టానికి అంచునే ఉన్నాడు.

మనదేశంలో ఒక వెసులుబాటు లేకపోలేదు. వినియోగదారుల చట్టం వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని మినహాయించినా, స్వయం ఉపాధితో జీవనోపాధికై కొన్నవారిని వినియోగదారులుగానే గుర్తిస్తుంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఇందుకు ఉదాహరణగా తానే నడుపుకొనేందుకు లారీ కొన్న వ్యక్తిని పేర్కొంది. ఒకరిద్దరు సహాయకులను పెట్టుకున్నంతలో ఆ హోదా పోదని కూడా చెప్పింది. 2019 చట్టం సైతం ఈ మినహాయింపును నిలిపింది. కాగా సొంతంగా స్టీరింగు పట్టే యజమానికి వర్తించే ఈ రక్షణ, జీతానికి డ్రైవరును పెట్టి రెండు మూడు లారీలు తిప్పే మధ్యతరగతి యజమానికి దొరకడం కష్టం. అతను సివిలు కోర్టు మెట్లెక్కవలసిందే.

వినియోగదారుల ఫోరం అయినా, కోర్టు అయినా అడిగేది కాగితమే. ఇక్కడే యజమానుల అలవాటు వారికి శత్రువుగా మారుతోంది. కందెనలపై జి.ఎస్.టి. 18 శాతం. బిల్లు లేకుండా తీసుకుంటే ఆ మేరకు తగ్గిస్తానని దుకాణదారు అంటాడు. బకెట్టు ఒక్కింటికి మిగిలే కొన్ని వందల కోసం, లక్షల విలువైన వారంటీకి ఉన్న ఒకే ఒక రుజువును చేజేతులా వదులుకుంటున్నారు. బిల్లుపై ఆయిలు పేరు, రకం, బండి నంబరు ఉండాలి. మార్పు జరిగిన తేదీ, ఆనాటి కిలోమీటర్ల రీడింగు ఆయిలు ఫిల్టరు బిల్లుతో కలిపి భద్రపరచాలి. డబ్బాపై సీలు, తయారీ నెల, బ్యాచి నంబరు ఫొటో తీసుకోవడం ఇప్పుడు ఫోను చేతిలో ఉన్న క్లీనరు చేయగల పని. ఖాళీ డబ్బాను చిల్లు పొడిచి పారేయడం నకిలీ వ్యాపారికి ముడిసరుకు అందకుండా చేస్తుంది.

ప్రభుత్వం చేయవలసినదీ ఉంది. కార్ల విషయంలో కమిషన్ చెప్పిన సూత్రాన్ని సరకు రవాణా వాహనాలకు వర్తింపజేస్తూ రహదారి రవాణా మంత్రిత్వశాఖ స్పష్టమైన నిబంధన తేవాలి. ఆయిలు వల్లే ఇంజను చెడిందని కంపెనీ అంటే, ఆ సంగతి రుజువు చేసే భారం కంపెనీదే కావాలి. ఇంజనులోని ఆయిలు నమూనాను యజమాని సమక్షంలో తీసి సీలు వేసి, ఒక భాగం అతనికి ఇచ్చి, తటస్థ ప్రయోగశాలకు పంపాలి. పరీక్షలో సిలికాన్ ఎక్కువగా తేలితే అది దుమ్ము, అంటే గాలి ఫిల్టరు లోపం కావచ్చు. డీజిలు కలిసినట్లు తేలితే ఇంధన వ్యవస్థ లోపం కావచ్చు. ఆయిలు డబ్బా రంగు చూసి చెప్పగల విషయాలు కావివి. ప్రస్తుతం నమూనా తీసేది, నివేదిక రాసేది, తీర్పు చెప్పేది ఒకే పక్షమైనప్పుడు చిన్న యజమాని దాన్ని నమ్మాలని ఆశించడం అత్యాశే.

వీటన్నిటికంటె సులువైనది, ఖర్చు లేనిది మరొకటుంది. సేవా పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో, మహా అయితే హిందీలో అచ్చవుతున్నాయి. కేశ్‌కాల్ ఘాట్ దగ్గర అర్ధరాత్రి హెచ్చరిక దీపం వెలిగితే ఆయిలు మట్టం చూసి లీటరు పోసేది ఆ పుస్తకం చదవని డ్రైవరు. ఏ రకం పోయాలో, అత్యవసరంలో దేనితో సరిపెట్టుకోవచ్చో, ఏది ఎన్నడూ పోయరాదో నాలుగు పంక్తులలో తెలుగు, హిందీ, ఒడియా భాషలలో రాసిన రేకు ఒకటి క్యాబిన్ తలుపు లోపలి వైపు బిగించి ఇవ్వడానికి ఏ లారీ కంపెనీకీ కొత్త చట్టం అవసరం లేదు.