దొరికిన చోటు విలువ

1908 వరదకు కోసుకుపోయిన వాగుగట్టులో, న్యూమెక్సికోలోని ఫోల్సమ్ చెంత, బానిసగా పుట్టిన పశుపాలకుడు జార్జ్ మెక్‌జంకిన్ పెద్ద ఎముకలను గమనించారు. ఆయన 1922లో గతించారు. 1926 త్రవ్వకంలో రాతి ఈటెమొనలు లభించినా పండితులు విశ్వసించలేదు. మరుసటి ఏడు ప్రక్కటెముకల నడుమ కనబడిన మొనను కదపకుండా ఉంచి, వారినే రప్పించి చూపారు. అంతరించిన అడవిదున్నల ఎముకలవి! మంచుయుగాంతానికే ఇక్కడ మానవుడున్నాడని అంగీకరించక తప్పలేదు.

మన అమరావతికి ఆ భాగ్యం లేదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టడాలకై దీపాలదిన్నెను త్రవ్వించగా స్తూపం బయల్పడింది. శిల్పఫలకాలు కొన్ని సున్నపుబట్టీల పాలయ్యాయి. రసాయనశాస్త్రానికి అదీ సున్నపురాయే కదా!

దొరికిన వస్తువు కన్న దొరికిన చోటే విలువైనదని నా అభిప్రాయం. స్వగ్రామంలో పాత రాగినాణెం కనబడితే చింతపండుతో తోమకండి. ఆ ఆమ్లం పచ్చని పొరతోపాటు అక్షరాల ఆనవాళ్ళనూ హరించవచ్చు. చోటు గుర్తించి కలెక్టరుకు తెలపండి.